అంటడం వేరు, అతకడం వేరు

ప్రతి ఏడూ మే నెలలో మా ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరుగుతారు. హోసూరు చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లకు కొదవ లేదు. పిల్లల్ని తెలుగు బడికి పంపే ఇళ్లకే కొదవ. గడప దగ్గర నిలబడగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘‘అయ్యోరూ, తెలుగులో చదివితే మా పిల్లోడు రేపు ఏం పని చేస్తాడు?’’ మేము అమ్మభాష గొప్పదనం చెబుతాం, పద్యాల గురించి చెబుతాం, తాతల కాలం నుంచి ఈ బడి ఎలా నిలబడిందో చెబుతాం. ఆ తండ్రి మర్యాదగా వింటాడు, మజ్జిగ ఇస్తాడు. జూన్ రాగానే పిల్లవాణ్ణి ఇంగ్లీషు బడి పసుపు బస్సు ఎక్కిస్తాడు.

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. పని గురించి అడిగితే పద్యం గురించి జవాబు చెప్పాం. గత ఏడాదిగా ఇంకో జవాబు వెతుకుతున్నాం. అది ఇంకా పూర్తికాలేదు. అయినా మిగతా రాష్ట్రాల తెలుగు బడుల వాళ్లు కూడా వినాల్సినంత ముదిరిందని అనిపించి ఈ పేజీకి రాస్తున్నాం.

మేము నలుగురం. ఇద్దరం ఉపాధ్యాయులం, ఒకరం తండ్రి, ఇంకొకరం ఇదే బడిలో పదో తరగతి వరకు చదివి, ఐటీఐ చేసి, ఇప్పుడు టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్న పూర్వ విద్యార్థి. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు, ఈ మధ్యే బడి వదిలిన కుర్రాళ్లు కలిసి పద్నాలుగు మంది వరండాలో పొడవాటి బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్లకు ఎలక్ట్రానిక్స్‌లో ఓనమాలు, సోల్డరింగ్ నేర్పుతున్నాం. తెలుగులో నేర్పుతున్నాం. మా వాదమంతా ఈ చివరి మాట గురించే.

సామాను గురించి ముందే చెబుతాం, ఎందుకంటే ప్రతి సమావేశంలో మొదటి ప్రశ్న డబ్బే. బెంగళూరు మాకు నలభై కిలోమీటర్లు. అక్కడ ఎస్పీ రోడ్డులో రెండు గంటలు తిరిగితే ఐదు సోల్డరింగ్ ఐరన్లు, స్టాండ్లు, రెండు మల్టీమీటర్లు, లెడ్డు తీగ చుట్ట, చుక్కల బోర్డులు, రెసిస్టర్లు, ఎల్ఈడీలు అన్నీ ఒక సంచిలో పట్టాయి. మొదటి విడత ఖర్చు ఆరు వేల లోపే. అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన బడికి కేంద్రం 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. వచ్చిన బడులు అదృష్టవంతమైనవి, సంతోషం. రాని బడులు అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదని మాత్రం ఆ సంచి మాకు నేర్పింది.

మొదటి శనివారం ఒక ఎల్ఈడీని కాల్చాం. కావాలనే. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్ఈడీని నేరుగా తగిలిస్తే ఒక్క క్షణం మెరిసి చచ్చిపోయింది. ‘‘ఎందుకు చచ్చింది?’’ అని అడిగితే పిల్లలు పుస్తకం తెరవలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పదో తరగతి సైన్సులో ఓమ్ సూత్రం ఉంది. నిరోధం, విద్యుత్ ప్రవాహం, పొటెన్షియల్ భేదం అన్నీ వల్లె వేస్తారు. కానీ ఆ సూత్రానికీ చచ్చిన దీపానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు. అప్పుడు బల్ల మీద సుద్దతో లెక్క రాశాం. బ్యాటరీ 9 వోల్టులు, ఎర్ర ఎల్ఈడీ తీసుకునేది సుమారు 2. మిగిలిన 7 వోల్టుల బరువు మోయడానికి ఎవరో ఒకరు ఉండాలి. 470 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఏడును 470తో భాగిస్తే సుమారు 15 మిల్లీ ఆంపియర్లు. ఎల్ఈడీకి అది సుఖంగా పడుతుంది. చెరువు తూము గుర్తుకు తెచ్చుకోమన్నాం. తూము లేకపోతే చెరువు నిండుగా ఉన్నా పైరు మిగలదు. ఒక పిల్లవాడు వెంటనే అన్నాడు: ‘‘అయితే చెరువులో నీళ్లు తగ్గితే తూము ఇంకా ఎత్తాలి.’’ ఆరు వోల్టుల బ్యాటరీకి ఎంత రెసిస్టర్ కావాలో వాడు మేము చెప్పకముందే లెక్క కట్టాడు. వాడికి సైన్సులో వచ్చే మార్కులు మేము ఇక్కడ రాయం, పరువు పోతుంది.

ఇప్పుడు భాష సంగతి. మొదటి నెలంతా మేము తప్పు చేశాం. మా దుకాణం మిత్రుడు ఐటీఐలో నేర్చుకున్నది తమిళంలో, ఇంగ్లీషులో. నోటికి అలాగే వచ్చేది. పిల్లలు బుద్ధిగా తలలూపేవాళ్లు. చేతులు మాత్రం అదే తప్పు మళ్లీ మళ్లీ చేసేవి. సోల్డరింగ్‌లో అందరూ చేసే మొదటి తప్పు ఒకటుంది. లెడ్డు తీగను నేరుగా వేడి బిట్ మీద కరిగించి, ఆ బొట్టును తీసుకెళ్లి అతుకు మీద మెత్తుతారు. చెయ్యాల్సింది అది కాదు. బిట్‌ను బోర్డు మీది రాగి చుక్కకూ, రెసిస్టర్ కాలుకూ ఒకేసారి ఆనించాలి. రెండు మూడు సెకన్లు ఆ రెండూ వేడెక్కాలి. అప్పుడు తీగను వేడెక్కిన లోహానికి తాకిస్తే అదే కరిగి పాకుతుంది. ‘హీట్ ద జాబ్’ అని మావాడు ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ‘జాబ్’ అంటే ఉద్యోగమే.

ఒక శనివారం మనవరాలిని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక అవ్వ మెట్టు మీద కూర్చుని చూస్తోంది. కొత్త బిట్‌కు లెడ్డు పూత పట్టిస్తున్నాం. అలా పూయకపోతే కొన తొందరగా నల్లబడి పనికిరాకుండా పోతుంది. అవ్వ చూసి, ‘‘ఇది కళాయి కదా నాయనా, మా కాలంలో ఇత్తడి గిన్నెలకు వేసేవాళ్లు’’ అంది. మేము ఆగిపోయాం. నిజంగా అదే. కళాయి వేసేవాడు గిన్నెను కొలిమి మీద బాగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరాన్ని గుడ్డతో పూసేవాడు. గిన్నె కాలకపోతే తగరం అంటదు. నవాసాగరం లోహం మీది చిలుమును తీసేస్తుంది. మా తీగ లోపల ఉండే రోజిన్ చేసే పని కూడా అదే. కంసాలి వెలిగారం వేసి టంకం పెట్టేటప్పుడూ అదే కథ. అవ్వ నోట వచ్చిన ఒక్క మాటతో మేము నెలరోజులు చెప్పలేకపోయింది పిల్లల చేతికి ఎక్కింది. గిన్నె కాలాలి, తగరం కాదు. అంతే.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఏ పని చేసినా, చేసింది ఏమిటో పక్కవాడికి ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలి. మాకు తెలియని మాటలు అప్పుడే బయటపడ్డాయి. డ్రై సోల్డర్ అని దుకాణాల్లో ఒక మాట ఉంది. చూడడానికి లెడ్డు పట్టినట్టే ఉంటుంది, లోపల కాలుకూ రాగికీ మధ్య సరిగ్గా కలవదు. టీవీ తల మీద కొడితే బొమ్మ వచ్చి మళ్లీ పోయే రోజులు గుర్తున్నాయా, ఆ జబ్బుల్లో చాలావాటికి ఇదే కారణం. దీన్ని ఎలా వర్ణిస్తారని అడిగితే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె చెప్పింది: ‘‘అంటింది సార్, అతకలేదు.’’ అంటడం వేరు, అతకడం వేరు. ఇంగ్లీషులో దీనికి ఓ పేరా కావాలి. మా పిల్లకు రెండు క్రియలు చాలాయి. అవి బడిలో నేర్చినవి కావు, ఇంట్లోంచి తెచ్చుకున్నవి.

ఇదంతా చదివి మేము అచ్చ తెలుగు పిచ్చిలో పడ్డామనుకోవద్దు. రెసిస్టర్‌ను రెసిస్టర్ అనే అంటాం. ట్రాన్సిస్టర్‌కు తెలుగు మాట పుట్టించే తీరిక మాకు లేదు, అవసరమూ లేదు. వస్తువు పేరు సంతలో ఏముంటే అదే. పిల్ల ఎస్పీ రోడ్డుకు వెళ్లి ‘నిరోధకం ఇవ్వండి’ అంటే దుకాణదారు చేతికి ఏం ఇస్తాడో అని మాకూ భయమే. కానీ ‘ఎందుకు’, ‘ఎలా’, ‘అయితే’, ‘లేకపోతే’ అనే మాటలు మాత్రం పిల్లకు ఊపిరి తీసుకున్నంత సులువుగా రావాలి. వలయం ఎక్కడ తెగిందో ఆలోచించేటప్పుడు బుర్ర వెతికే మాటలు అవే. అవి పరాయి భాషలో ఉంటే సగం బుద్ధి మాట కోసం వెతకడానికే పోతుంది, తెగిన చోటు వెతకడానికి మిగలదు.

తమిళం సంగతీ చెప్పాలి, లేకపోతే అపార్థం మిగులుతుంది. 2006 నాటి చట్టం తర్వాత మా రాష్ట్రంలో పిల్లలకు తమిళం తప్పనిసరి పాఠమైంది. పరీక్షల మినహాయింపు గురించి కోర్టుల చుట్టూ తిరిగిన కథ ఈ పేజీ పాఠకులకు కొత్త కాదు. మేము తమిళం వద్దనడం లేదు. రేపు మా పిల్లల పక్క కుర్చీలో కూర్చుని పనిచేసేది తమిళ పిల్లలే. అందుకే ప్రతి పిల్ల నోటుపుస్తకంలోనూ మూడు గడులు గీయించాం. తెలుగు పుస్తకంలో ప్రవాహం, తమిళ పుస్తకంలో మిన్నోట్టం, దుకాణంలో కరెంటు. నిరోధం, మిన్‌తడై, రెసిస్టెన్స్. విషయం ఒక భాషలో గట్టిగా తెలిసినవాడికి మిగతా రెండు గడులు నింపడం ఒక సాయంత్రం పని. విషయమే తెలియనివాడికి మూడు గడులూ ఖాళీయే.

ఇక భయాల గురించి. మూడో వారం ఎనిమిదో తరగతి పిల్లవాడు స్టాండులో పెట్టిన ఐరన్‌ను జారుతోందని పట్టుకోబోయి వేలు కాల్చుకున్నాడు. తప్పు మాది. జారే వస్తువును పట్టుకోవద్దు, పడనివ్వాలి అని మేము ముందే చెప్పలేదు. ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద వేలు పెట్టించాం, ఇంటికి వెళ్లి వాళ్లమ్మకు మేమే చెప్పాం. ఆమె తిట్టింది. తిట్టాల్సిందే. తర్వాతి వారం పిల్లవాణ్ణి పంపింది, కానీ తానూ వచ్చి కూర్చుంది. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఆమె అడిగిన ప్రశ్న మమ్మల్ని కాలిన వేలు కన్నా ఎక్కువ కలవరపెట్టింది: ‘‘ఈ తీగలో సీసం ఉంది కదా, పిల్లల చేతికి ఎట్లా ఇస్తారు?’’

దుకాణం మిత్రుడు ఇరవై ఏళ్లుగా దాంతోనే పనిచేస్తున్నాడు. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు కలిసిన తీగ 183 డిగ్రీల దగ్గరే చక్కగా కరుగుతుంది, అతుకు మెరుస్తుంది, నేర్చుకునేవాడికి హాయి. ఆ వేడికి సీసం చెప్పుకోదగ్గంతగా ఆవిరి కాదు. పైకి లేచే పొగ రోజిన్‌ది. అది కూడా మంచిది కాదు, ముఖ్యంగా ఉబ్బసం ఉన్న పిల్లలకు. సీసం ఒంట్లోకి వెళ్లే దారి మాత్రం చేతి నుంచి నోటికి. అయినా పిల్లల ఒంట్లో సీసానికి ఇంతవరకు పర్వాలేదనే హద్దు లేదని వైద్యులు చెబుతారు. ఆమె పట్టు వదల్లేదు. మేము మారాం. సీసం లేని తీగ 217 నుంచి 227 డిగ్రీల మధ్య కరుగుతుంది, ఖరీదు ఎక్కువ, చౌక ఐరన్లతో మొండికేస్తుంది. అందుకని వేడిని అదుపు చేసే రెండు స్టేషన్లు చందా వేసి కొన్నాం. అతుకులు ఇప్పుడు మునుపటంత మెరవవు, మా మిత్రుడు ఆ సంగతి వారానికోసారి గొణుగుతాడు. పాత తీగ చుట్ట ఆయన దుకాణానికే తిరిగి వెళ్లింది.

కిటికీలు తెరిచి ఉండాలి, పొగను పక్కకు లాగే చిన్న ఫ్యాన్ ఉండాలి, కళ్లద్దాలు ఉండాలి. బల్ల దగ్గర మురుకులు తినకూడదు, లేవగానే సబ్బుతో చేతులు కడగాలి. 230 వోల్టుల గోడ కరెంటుతో ఏ పిల్లా ఏ ప్రయోగమూ చెయ్యకూడదు, ఫోన్ల బ్యాటరీలను విప్పకూడదు. బ్యాటరీ గడప దాటి ఎవరూ వెళ్లకూడదన్న ఈ నియమం మీద మాత్రం మా దగ్గర బేరం లేదు. ఎంత తెలివైన పిల్లకైనా సరే.

ఈ వార్త చుట్టుపక్కల తిరిగాక ఒక కంపెనీ వాళ్లు బడికి వచ్చారు. సూటు, టై, రంగురంగుల పెట్టె. రోబోటిక్స్ ల్యాబ్ పెడతామన్నారు, పిల్లకు ఏడాదికి ఇంత అని రుసుం, పాఠాలన్నీ ఇంగ్లీషు వీడియోల్లో. పెట్టెలోని ముక్కలు ఒకదానికొకటి టక్కున అతుక్కుంటాయి. తప్పుగా అతకడం సాధ్యమే కాదట. అదే దాని గొప్పతనమని చెప్పారు. తల్లిదండ్రుల్లో కొందరు మురిసిపోయారు, పెట్టె మీద ఉన్న ఇంగ్లీషు చూసి. మేము వద్దన్నాం. దానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. తప్పుగా అతకడం సాధ్యం కాని వస్తువుతో నేర్చుకునేది ఏముంది?

ఏముందో ఒక ఉదాహరణతో చెబుతాం. 555 అనే చిప్ ఒకటుంది. 1970ల మొదట్లో వచ్చింది, యాభై ఏళ్లు దాటినా ఇంకా అమ్ముడుపోతోంది. రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్ తగిలిస్తే దీపాన్ని తనంతట తాను ఆర్పి వెలిగిస్తుంది. మేము ఒక వెయ్యి ఓమ్‌లది, ఒక 47 వేల ఓమ్‌లది, పది మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఇచ్చాం. లెక్క ప్రకారం సెకనుకు ఒకటిన్నర సార్లు మిణుకుమనాలి. అందరివీ మిణుకుమన్నాయి. ఒక పిల్లది మాత్రం వెలిగి అలాగే ఉండిపోయింది. అతుకులన్నీ మళ్లీ కరిగించి పెట్టింది. చిప్ మార్చింది. రెండు శనివారాలు పోయాయి. మా మిత్రుడికి మొదటి రోజే తెలుసు, కానీ నోరు విప్పలేదు. మేము లోపల్లోపల కోప్పడ్డాం కూడా, పాపం పిల్ల విసిగి మానేస్తుందేమోనని.

మూడో శనివారం వరండాలో చీకటి పడ్డాక ఆ పిల్ల బోర్డును విసురుగా పక్కకు ఊపింది. గాలిలో ఎర్ర గీత రాలేదు. ఎర్ర చుక్కల వరస వచ్చింది. ‘‘సార్, ఇది ఆరుతోంది! ఆరిందని మనకు తెలిసేలోపే వెలుగుతోంది!’’ తర్వాత పది నిమిషాల్లో కారణం పట్టుకుంది. కెపాసిటర్ మీద 104 అని ఉంది. పది అనుకుని తగిలించింది. ఆ అంకె అర్థం పది తర్వాత నాలుగు సున్నాలు, అదీ పికోఫారడ్లలో. అంటే 0.1 మైక్రోఫారడ్. వందో వంతు. కాబట్టి దీపం వంద రెట్లు వేగంగా, సెకనుకు నూట యాభై సార్లు మిణుకుమంటోంది. మన కన్ను అంత వేగం పట్టలేదు. ఈ పాఠం ఏ పెట్టెలోనూ అమ్మరు. ఆ పిల్ల ఆ సాయంత్రం తన చెల్లెలికి, తల్లికి, పక్కింటివాళ్లకు తెలుగులోనే బోర్డు ఊపి ఊపి చెప్పిందట. వీడియోలో ఇంగ్లీషులో విన్న పాఠాన్ని ఏ పిల్లయినా ఇంటికెళ్లి వాళ్లమ్మకు చెప్పడం మీరెప్పుడైనా చూశారా?

ఆడపిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మొదట ఇద్దరే వచ్చారు. ‘చెయ్యి కాలితే పెళ్లెట్లా’ అని ఒక పెద్దాయన అన్నారు. అదే చెయ్యి రోజుకు మూడు పూటలా పొయ్యి దగ్గర ఉంటుందని ఆయన భార్యే గుర్తుచేసింది. ఇప్పుడు పద్నాలుగు మందిలో ఆరుగురు ఆడపిల్లలు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం చదువుకున్నవాళ్ల నుంచి వచ్చింది. తెలుగు బడి పిల్లల్ని కూలి పనికి తయారుచేస్తున్నారా అన్నారు. వాళ్ల పిల్లలు ఇంజనీర్లు కావాలట, మా పిల్లలు ఐరన్ పట్టుకోవాలా అని సూటిగానే అడిగారు. హోసూరు పారిశ్రామిక వాడ సంగతి అందరికీ తెలిసిందే. టైటాన్ గడియారాలు 1980లలోనే ఇక్కడ తయారవడం మొదలైంది. ఈ మధ్య ఫోన్ల భాగాలు చేసే పెద్ద కర్మాగారమూ జిల్లాలోకి వచ్చింది. అక్కడ పనికి వెళ్లే అక్కలూ అన్నలూ మా పిల్లల ఇళ్లలో ఉన్నారు. కానీ మేము ఏ తల్లికీ ఉద్యోగం వస్తుందని మాట ఇవ్వలేదు, ఇవ్వం. పెద్ద కర్మాగారాల్లో బోర్డుల మీద అతుకులు ఎక్కువగా యంత్రాలే పెడతాయి, బోర్డు కొలిమిలాంటి దాంట్లోంచి వెళ్లి అతుక్కుని బయటికొస్తుంది. చేత్తో పెట్టేది చెడిపోయినదాన్ని బాగుచేసే చోట, కొత్తది తయారుచేసి చూసే చోట. అదీ తక్కువే. కాబట్టి ఇది కూలి శిక్షణ కాదు. నిజానికి ఇంజనీరింగు కాలేజీలో చేరి మొదటిసారి ఐరన్ పట్టుకుని వణికే పిల్లల్ని మా మిత్రుడి దుకాణంలో ఎంతోమందిని చూశాం, ప్రాజెక్టు అతికించి ఇమ్మని వస్తారు. ఆయన అతికిస్తాడు, వాళ్లు మార్కులు తెచ్చుకుంటారు. మా పిల్లలు ఆ కాలేజీకి వెళ్తే ప్రాజెక్టు తమ చేత్తో చేసుకుంటారు. వెళ్లకపోతే ఇంట్లో మిక్సీ ఎందుకు ఆగిందో వాళ్లకు తెలుస్తుంది, దాన్ని విప్పకుండా ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో కూడా తెలుస్తుంది.

అభ్యంతరంలో నిజమైన ముక్క ఒకటుంది, దాన్ని దాచం. పదో తరగతి తర్వాత మాకు తెలుగులో దారి లేదు. రాజ్యాంగం 350ఏ అధికరణం మాతృభాషలో బోధన గురించి చెప్పేది ప్రాథమిక దశకే. 30వ అధికరణం బడి పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ బడిలో శనివారం మధ్యాహ్నం ఏం నేర్పాలో మాత్రం ఏ అధికరణమూ చెప్పలేదు, అడ్డమూ పెట్టలేదు. హక్కుల కోసం అర్జీలు రాయడంలో మాకు అరవై ఏళ్ల అనుభవం ఉంది, అవి రాస్తూనే ఉండాలి. కానీ హక్కు దొరికిన చోట దాన్ని వాడకపోతే ఏ కోర్టు ఏం చేస్తుంది?

మిగతా చోట్ల ఉన్న తెలుగు బడులవాళ్లు కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. బళ్లారిలో, బరంపురంలో, సోలాపూర్‌లో, యానాంలో ప్రతి తెలుగు పేటలోనూ ఒక వైర్‌మన్, ఒక రేడియో మెకానిక్, ఒక ఫోన్లు బాగుచేసే కుర్రాడు ఉంటారు. చాలామంది మన బడిలోనే చదివి ఉంటారు, బడి వైపు మళ్లీ రాని వాళ్లు. మేము మావాణ్ణి పిలవడానికి వెళ్లినప్పుడు ఆయన అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది: ‘‘ఇన్నేళ్లలో బడివాళ్లు నా దగ్గరికి రావడం ఇదే మొదలు సార్, అదీ మైకు సెట్టు బాగుచేయమని కాకుండా.’’ వార్షికోత్సవానికి కలెక్టరు గారిని పిలుస్తాం, కవిని పిలుస్తాం. చేతిపని తెలిసిన పూర్వ విద్యార్థిని వేదిక ఎక్కించిన బడి ఏదైనా ఉంటే మాకు తెలియజేయండి, వెళ్లి చూస్తాం. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని ఉంది. ఆ విధానం మీద మా రాష్ట్రానికి వేరే తగాదాలున్నాయి, అవి ఇక్కడ వద్దు. ఆ ఒక్క ఆలోచన మాత్రం ఎవరిదైనా మంచిదే.

తెలుగు రాష్ట్రాల వాళ్లను ఒకటి అడగాలని ఉంది. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ పుట్టినప్పుడు పై చదువులు కూడా తెలుగులో సాగాలన్న ఆశతోనే పుట్టింది. పాఠ్యపుస్తకాలు వేసింది, పారిభాషిక పదకోశాలు వేసింది. వాటిలో మాటలున్నాయి. మాకు కావాల్సింది వాక్యాలు. పద్నాలుగేళ్ల పిల్ల చదివి, బల్ల మీద ఉన్న వస్తువును చూసి, మళ్లీ చదివి, చేత్తో చేయగలిగే నలభై పేజీల పుస్తకం, బొమ్మలతో. మా పిల్లలు ఇప్పుడు దాన్ని తామే రాస్తున్నారు, మూడు గడుల నోటుపుస్తకాల్లోంచి. ‘గిన్నె కాలాలి’ అన్నది అందులో మొదటి పాఠం పేరు. అవ్వ ఫోటో పెట్టాలని పిల్లలు పట్టుబట్టారు, ఆమె ఒప్పుకోలేదు.

తల్లిదండ్రులను అడగాల్సింది ఇంకా చిన్నది. వారానికి ఒక్క సాయంత్రం వచ్చి బల్ల పక్కన కూర్చోండి. మీకు ఎలక్ట్రానిక్స్ రాకపోయినా ఫర్వాలేదు. మగ్గం, కుండ, వడ్రంగం, కుట్టుపని, ఏది వచ్చినా దాని మాటలు మాకు కావాలి. గత నెల ఒక వడ్రంగి తండ్రి చుక్కల బోర్డు మీద తీగలు వంకరగా పోవడం చూసి నవ్వి, ముందు పెన్సిలుతో గీత కొట్టుకోకుండా రంపం పట్టేవాడు ఉంటాడా అన్నాడు. అప్పటినుంచి పిల్లలు ఐరన్ వేడెక్కేలోపు కాగితం మీద వలయం గీసుకుంటున్నారు.

ఈ మే నెలలో మళ్లీ ఇళ్లకు వెళ్లాలి. ఈసారి మా చేతిలో కరపత్రం ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు మాతో వస్తామన్నారు, మిణుకుమనే బోర్డు పట్టుకుని. తండ్రి అడిగే ప్రశ్నకు జవాబు వాళ్లనే చెప్పనిస్తాం. బల్ల దగ్గర ఇంకో నాలుగు కుర్చీలకు చోటుంది. ఐరన్లు మాత్రం ఐదే, అందులో ఒకదాని వైరు పిల్లలే మొన్న మార్చారు, ప్లగ్గు పీకి, మా కళ్ల ముందే.